ముక్కూ మొహం తెలియని పియానో మీద కచేరీ చేయడం ఎలా

వీణ విద్వాంసులు తమ వీణతోనే రైలెక్కుతారు. పియానిస్టు నొటేషన్ పుస్తకాలూ ఒక జత బూట్లూ సర్దుకుని బయల్దేరాలి. వాయిద్యం అక్కడే ఉంటుంది, ఎలాంటిదో వెళ్ళాక గానీ తెలియదు. పెద్ద హాళ్ళలో తరచుగా కనిపించే స్టైన్‌వే డి మోడల్ పియానో పొడవు 274 సెంటీమీటర్లు, బరువు అరటన్నుకు దగ్గర. హొరొవిట్స్ లాంటి ఒకరిద్దరు పేరున్న పియానిస్టులు సొంత పియానోను ఊరూరా తిప్పగలిగారు. మిగతావాళ్ళకు అది కుదిరే పని కాదు. 2021లో వార్సాలో జరిగిన షోపాన్ పియానో పోటీలో కూడా అయిదు పియానోల్లో ఒకదాన్ని ఎంచుకోవడానికి ఒక్కొక్కరికి దొరికింది పావుగంటే. కచేరీలు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మొదటిరోజు సాధన నుంచే ఆ తెలియని పియానోను మనసులో పెట్టుకోవాలి.

బీతోవెన్ వాల్డ్‌స్టైన్ సొనాటానే (ఓపస్ 53) తీసుకుందాం. రెండు నెలలు వాయిస్తే అది చేతికి వచ్చేస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. చేతికి వచ్చింది అంటే ఇంటి పియానో మీటల బరువుకూ లోతుకూ వేళ్ళు అలవాటుపడ్డాయని. మీట కాస్త బరువెక్కితే ముందు జారిపోయేది ఆ జ్ఞాపకమే. మొదటి భాగంలో రెండో ఇతివృత్తం తొలిసారి ఇ మేజర్ అనే స్వరశ్రేణిలో వస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎ మేజర్‌లో మొదలవుతుంది. వేదిక మీద పరధ్యానంగా ఉంటే చెయ్యి పాత దారే పట్టి ఇ మేజర్‌లోకి వెళ్ళిపోతుంది. అప్పటికే వాయించిన భాగంలో మళ్ళీ తేలతారు, బయటపడే దారి దొరకదు. అందుకని ఆ మలుపు దగ్గర రెండు దారుల్నీ పక్కపక్కనే పెట్టి సాధన చేయాలి. ముందున్న నాలుగు బార్లు (తాళ విభాగాలు) వాయించి ఒకసారి ఇ మేజర్‌లోకి, ఇంకోసారి ఎ మేజర్‌లోకి వెళ్ళాలి, ఏ దారిన వెళ్తున్నారో పైకి చెప్పుకోవాలి. తర్వాత ఎడమచేతిని ఒక్కదాన్నే, పుస్తకం చూడకుండా వాయించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ మీకు నిజంగా రాలేదన్నమాట.

ఒక్కో భాగాన్నీ పన్నెండు పదిహేను మజిలీలుగా విడగొట్టి అంకెలు వేసుకోండి. ఇంట్లో ఎవరినైనా ఏదో ఒక అంకె చెప్పమనండి, ఆ చోటి నుంచి వెంటనే ఎత్తుకోగలగాలి. వేదిక మీద మరుపు వస్తే వెనక్కి వెళ్ళకుండా ముందున్న మజిలీకి దూకడానికి ఇదొక్కటే ఆధారం.

రోజుకు నాలుగు అయిదు గంటలు చాలు. ముప్పావుగంటకోసారి పది నిమిషాలు లేచి తిరగాలి. ముంజేతిలో నొప్పి మొదలైతే ఆ రోజుకు మూత వేసేయండి, పంటి బిగువున కొనసాగిస్తే వారాలు పోతాయి. చివరి పది రోజుల్లో రోజు విడిచి రోజు మొత్తం కార్యక్రమాన్ని ఆగకుండా, కచేరీ బట్టల్లో, కచేరీ బూట్లతో వాయించాలి. మందపాటి అట్ట ఉన్న బూటుకు పెడల్ స్పర్శ తెలియదు. పల్చటి తోలు అట్ట మేలు.

నెల ముందే నిర్వాహకులకు రాసి కనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పియానో ఏ మోడల్, బెంచి ఎత్తు మార్చవచ్చా, రిహార్సల్ ఎన్ని గంటలకు, పియానోను శ్రుతి చేసే ట్యూనర్ ఎప్పుడొస్తారు. ఈ చివరిది గట్టిగా అడగండి. పియానోను వేదిక మీద దాని స్థానంలో పెట్టి, లైట్లు వేశాకే ట్యూనింగ్ జరగాలి. పొద్దున ఏసీ లేని గదిలో శ్రుతి చేసి సాయంత్రం వేడి లైట్ల కిందికి తోస్తే తీగలూ చెక్కా సర్దుకుంటూ శ్రుతి జారిపోతుంది. ట్యూనింగ్‌కే గంట నుంచి గంటన్నర పడుతుంది, ఆ సమయంలో మీరు వాయించకూడదు. ఆర్కెస్ట్రాతో కచేరీ అయితే శ్రుతికి ఆధారమైన ఎ స్వరం 440 హెర్ట్‌జా, 442నా అన్నది కూడా ముందే తేలాలి.

ప్రయాణంలో నొటేషన్ చేతి సంచిలోనే ఉండాలి, దానితోపాటు ఒక జత కచేరీ బట్టలు కూడా. హోటల్లో పియానో ఉండదు కాబట్టి ఆ ఊళ్ళో గంటల లెక్కన సాధన గది ఇచ్చే సంగీత పాఠశాలో, పియానోల దుకాణమో ముందే మాట్లాడి పెట్టుకోండి. అదీ లేకపోతే పుస్తకం తెరిచి, వేళ్ళు కదపకుండా మనసులో మొత్తం వాయించండి. అలసట లేని సాధన ఇది, మరుపు పొంచి ఉన్న చోట్లను చక్కగా పట్టిస్తుంది. సముద్రాలు దాటి వెళ్తుంటే రెండు మూడు రోజులు ముందే చేరండి.

ఇక హాల్లో మీకు దొరికే గంటన్నర. కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించేయాలనిపిస్తుంది, అలా చేయొద్దు. ముందు బెంచి చూసుకోండి. మోచేతులు మీటల ఎత్తులోనో ఒక పిసరు పైనో ఉండాలి. తర్వాత మీటలన్నిటినీ ఒక్కొక్కటిగా, వీలైనంత మెల్లగా, చప్పుడు వచ్చీరానట్టు నొక్కుకుంటూ వెళ్ళండి. 88 ఉంటాయి, అయిదు నిమిషాల పని. మాట్లాడని మీట, నొక్కితే పైకి లేవని మీట, పక్కవాటికంటే గట్టిగా అరిచే మీట అప్పుడే బయటపడతాయి. తేమ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో మీట పైకి లేవకపోవడం మామూలే, లోపలి ఫెల్టు (ఉన్ని గుడ్డ) ఉబ్బి పట్టేస్తుంది. ట్యూనర్ అక్కడ ఉంటే నిమిషాల్లో సరిచేస్తారు. పెడల్ కిర్రుమనడం కూడా అంతే. పియానో మొత్తం మొరటుగా మోగుతుంటే మాత్రం తీగల్ని కొట్టే సుత్తుల ఫెల్టును సూదులతో మెత్తబరచాలి. కచేరీ రోజున అది అడగకపోవడమే మంచిది, పని సగంలో ఆగితే కొన్ని స్వరాలు మెత్తగా, కొన్ని కరుకుగా మిగులుతాయి.

స్వరాల మోతను నిలబెట్టే కుడి పెడల్ ఎంత లోతులో పట్టుకుంటుందో పాదంతో వెతకండి. వాల్డ్‌స్టైన్ చివరి భాగమైన రొండో మొదట్లో బీతోవెన్ పెడల్‌ను చాలా సేపు వదలకుండా ఉంచమని రాశారు. ఇప్పటి పియానోల్లో మోత ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి పూర్తిగా తొక్కితే స్వరాలు కలగాపులగమవుతాయి. సగం తొక్కడమా, ముప్పాతికా అన్నది ఆ పియానోను బట్టి, ఆ హాలును బట్టి తేల్చుకోవాలి. ఎవరినైనా వాయించమని మీరు వెనక వరుసలో కూర్చుని వినండి. ప్రేక్షకులు నిండాక మోత తగ్గుతుందని గుర్తుంచుకోండి. అదే రొండో చివర్లో అష్టకాల గ్లిసాండో ఉంది, అంటే ఎనిమిది స్వరాల ఎడంతో రెండు మీటల్ని ఒకే చేత్తో పట్టి వేళ్ళను జార్చుకుంటూ పోవడం. బీతోవెన్ కాలపు తేలిక మీటల మీద వేళ్ళు జారేవి, ఇప్పటి బరువు మీటల మీద చర్మం లేచిపోతుంది. జారుతుందా, రెండు చేతులకూ పంచి వాయించాలా అన్నది రిహార్సల్లోనే నిర్ణయించి, ఆపైన మార్చకండి.

ఇంట్లో డిజిటల్ పియానో మీద నేర్చుకుని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గ్రేడ్ పరీక్షకు వెళ్ళే పిల్లలకూ ఇదే సమస్య. పరీక్ష గదిలో అసలు పియానో ఎదురైతే మెత్తటి స్వరాలు పలకకుండా పోతాయి. పరీక్షకు ముందు నెలలో వారానికి ఒక గంటైనా తీగల పియానో మీద కూర్చోబెట్టాలి.

కచేరీకి మూడు గంటల ముందు తేలికగా తినండి. చేతులు చల్లబడితే గోరువెచ్చని నీళ్ళలో ఉంచి బాగా తుడుచుకోండి, తడి వేళ్ళు మీటల మీద జారతాయి. వేదిక మీద కూర్చున్నాక మొదటి నాలుగు బార్లు మనసులో విని, ఆ వేగం దొరికాకే చెయ్యి ఎత్తండి. వాల్డ్‌స్టైన్ మొదలయ్యేదే అతి మెత్తటి సవ్వడితో, గబగబా పడే కార్డులతో (ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో). కంగారులో ఎక్కువ వేగంతో ఎత్తుకుంటే ఒకటిన్నర పేజీ తిరక్కముందే చిక్కుల్లో పడతారు.

అదే రాత్రి ఒక నోటుపుస్తకంలో హాలు పేరు, పియానో మోడల్, బెంచి ఎత్తు, పెడల్ పట్టిన లోతు, ట్యూనర్‌తో ఏం చేయించారు, ఏ మజిలీ దగ్గర తడబడ్డారు, ఇవన్నీ రాసి పెట్టుకోండి. మర్నాడు సాధన ఆ తడబడ్డ మజిలీతోనే మొదలవ్వాలి.