గేటు దగ్గర దిగిన పార్సిల్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? – కార్యాలయపు తపాలు గదిని డిజిటల్ పద్ధతికి మార్చుకునే విధానం

చీమకుర్తి ప్రాంతంలోని ఒక గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో నేను కొన్నేళ్లు తపాలు వ్యవహారాలు చూశాను. అక్కడికి ఒక్క రోజులో వచ్చే సరుకును బల్ల మీద పరిస్తే బ్యాంకు కవర్లు, కోత యంత్రాల విడిభాగాలు, రాతి నమూనాలు, షిప్పింగ్ ఏజెంట్లు పంపిన పత్రాలు, లాయరు నోటీసులు, ఉద్యోగులు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సొంత వస్తువులు అన్నీ కలిసి కనిపించేవి. ఒకసారి చెన్నై నుంచి కొరియర్‌లో వచ్చిన అసలు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్లు షిప్పింగ్ సంస్థ ఇచ్చే) పత్రాలు నాలుగు రోజుల పాటు దొరకలేదు. గేటు పుస్తకంలో వాచ్‌మన్ సంతకం ఉంది, కానీ ఆ తర్వాత ఆ కవరు ఎవరి చేతికి వెళ్లిందో ఎక్కడా రాసి లేదు. చివరికి అది ఒక సొరుగులో, పాత కొటేషన్ల కింద దొరికింది. ఆ పత్రాలు బ్యాంకు ద్వారా కొనుగోలుదారుకు చేరితేనే అవతలి రేవులో కంటైనరు విడుదలవుతుంది కాబట్టి, ఆలస్యమైన ప్రతి రోజుకూ అక్కడ డెమరేజ్ (సరుకు తీసుకోవడంలో ఆలస్యానికి వేసే రుసుము) పడే ప్రమాదం ఉంటుంది. తపాలు గదిలో పోయేది కవరు కాదని, అది చేతులు మారిన క్షణం తాలూకు రాత అని ఆ రోజు నాకు అర్థమైంది. ఇకపై చెప్పేదంతా ఆ ఒక్క రాతను పోనివ్వకుండా కాపాడుకోవడం గురించే.

ఏ యంత్రమూ కొనకముందు రెండు వారాల పాటు మీ తపాలును ఊరికే గమనించండి. రోజుకు ఎన్ని వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి, ఏ గంటలో ఎక్కువగా దిగుతున్నాయి, గేటు నుంచి అసలు మనిషికి చేరేలోపు ఒక్కో కవరు ఎన్ని చేతులు మారుతోంది అనే వివరాలను ఒక కాగితం మీద రాసుకోండి. మన ప్రాంతంలో మరొక సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆర్టీసీ కార్గోలో వచ్చే పార్సిళ్ల కోసం తరచుగా మనిషే ఒంగోలు లేదా నెల్లూరు బస్టాండుకు వెళ్లవలసి వస్తుంది, లారీ ట్రాన్స్‌పోర్టులో వచ్చేవి ఎల్ఆర్ (లారీ రసీదు) కాగితంతో వస్తాయి, కొన్ని కవర్లను డ్రైవర్లు నేరుగా చేతికిచ్చి పోతారు. కొరియర్ వాళ్ల బార్‌కోడ్ ఒక్కదాన్ని నమ్ముకొని కట్టిన ఏర్పాటులో ఇవన్నీ లెక్కకు రాకుండా జారిపోతాయి.

తర్వాతి పని, వచ్చే దారిని ఒక్కటే చేయడం. రిసెప్షన్‌లో కొన్ని, స్టోరులో కొన్ని, మేనేజరు గదిలో కొన్ని దిగుతున్నంత కాలం ఏ సాఫ్ట్‌వేరూ మేలు చేయదు. పగటిపూట అన్నీ తపాలు గదిలోనే దిగాలి. రాత్రి వచ్చినవాటిని గేటు దగ్గర తాళం వేసిన పెట్టెలో వేయించి, ఉదయం తపాలు గుమాస్తా వచ్చి తెరిచి ఎక్కించుకోవాలి. గదిలోని ర్యాక్‌లో ప్రతి అరకూ ఒక నంబరు ఇచ్చి, దాని అంచున ఒక క్యూఆర్ స్టిక్కరు అతికించాలి. పార్సిల్‌ను, అరను ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చేస్తే ఏ వస్తువు ఎక్కడుందో వెంటనే నమోదవుతుంది.

ఇక అసలు పునాది అయిన సొంత నంబరు దగ్గరకు వద్దాం. కొరియర్ డాకెట్ (రసీదు) నంబర్లు సంస్థకో తీరుగా ఉంటాయి, చేతికిచ్చిన కవరుకు అసలు నంబరే ఉండదు. అందుకే వచ్చిన ప్రతిదానికీ, ఎలా వచ్చినా సరే, తేదీ, వరుస సంఖ్య కలిపి మీరే ఒక నంబరు ఇవ్వాలి. ఉదాహరణకు 260114-037 అంటే 2026 జనవరి 14న వచ్చిన 37వ వస్తువు అని అర్థం. బయటి డాకెట్ నంబరును పక్క గడిలో ఉంచితే సరిపోతుంది.

ఈ నంబరును క్యూఆర్‌గా ముద్రించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. క్యూఆర్ కోడ్‌లో తప్పులను సరిదిద్దుకునే స్థాయిలు నాలుగు ఉన్నాయి. అన్నిటికంటే కింది స్థాయిలో సుమారు 7 శాతం, పై స్థాయిలో సుమారు 30 శాతం చెరిగిపోయినా కోడ్‌ను చదవవచ్చు. రాతి పొడి ఎగిరే చోట, తడి చేతులు తగిలే రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో పై స్థాయినే ఎంచుకోవాలని నా సలహా. రెండవది కాగితం. రిబ్బను లేకుండా వేడితోనే ముద్రించే థర్మల్ లేబుల్ చౌకే కాని, ఎండకూ వేడికీ నల్లబడుతుంది లేదా వెలిసిపోతుంది. నెల్లూరు వేసవిలో రేకుల షెడ్డులో ఉండే వస్తువుకు అది పనికిరాదు. రెండు మూడు రోజుల్లో చేతికి చేరిపోయే పార్సిల్‌కు అది చాలు, నెలల తరబడి దాచే నమూనాలకు మాత్రం రిబ్బనుతో ముద్రించే లేబుళ్లే వాడాలి.

స్పీడ్ పోస్ట్ నంబరును చేత్తో ఎక్కించవలసి వస్తే, అందులోని ఒక సౌకర్యాన్ని తప్పక వాడుకోండి. ఆ నంబరులో 13 అక్షరాలు ఉంటాయి: ముందు రెండు ఆంగ్ల అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర భారతదేశాన్ని సూచించే రెండు అక్షరాలు. తొమ్మిదవ అంకె తనిఖీ కోసం ఉన్నదే. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడాలి, మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11 నుంచి తీసివేయాలి. 47312482ను తీసుకుంటే మొత్తం 200, శేషం 2, కాబట్టి తనిఖీ అంకె 9. తీసివేతలో 10 వస్తే 0, 11 వస్తే 5 అవుతుంది. ఈ లెక్కను స్ప్రెడ్‌షీటులో ఒక్కసారి సూత్రంగా పెట్టుకుంటే, గుమాస్తా ఒక అంకె తప్పు కొడితే దాదాపు ప్రతిసారీ వెంటనే గడి ఎర్రబడేటట్లు చేసుకోవచ్చు. చిన్న ఏర్పాటే అయినా, తప్పు నంబరు పట్టుకొని పోస్టాఫీసు చుట్టూ తిరిగే బాధను ఇది తప్పిస్తుంది.

నమోదు చేయవలసిన వివరాలు ఎక్కువ పెట్టుకోకండి. వచ్చిన సమయం (దీన్ని మనిషి కొట్టకూడదు, యంత్రమే వేయాలి), తెచ్చిన సంస్థ, పంపినవారు, చేరవలసినవారు, వస్తువు రకం, ఒక ఫోటో ఉంటే చాలు. చిరిగిన అట్టపెట్టె, తడిసిన కవరు వచ్చినప్పుడు కొరియర్ మనిషి ఎదురుగానే ఫోటో తీయాలి. చేరవలసినవారి పేరును టైపు చేయించకుండా, ఉద్యోగుల జాబితా నుంచే ఎంచుకోనివ్వాలి. మా కార్యాలయంలో ముగ్గురు శ్రీనివాసులు ఉండేవారు, వెంకటేశ్వర్లు అనే పేరు ఆంగ్లంలో నాలుగు రకాలుగా రాసి వచ్చేది. ఉద్యోగి నంబరుతో ముడిపెట్టిన తర్వాతే ఒకరి కవరు మరొకరికి పోవడం ఆగింది. ఎవరిదో తేలనివాటికి ఒక అరను ప్రత్యేకంగా కేటాయించి, రోజూ సాయంత్రం వాటిని ఒకరు చూసి తీరాలి.

చేతులు మారడమంటే ఒకరి బాధ్యత ముగిసి మరొకరి బాధ్యత మొదలవడం. అందుకే అప్పగించే క్షణంలోనే, ఆ బల్ల దగ్గరే స్కాన్ జరగాలి. సాయంత్రం తీరిక చూసుకొని అన్నీ ఒకేసారి ఎక్కించే అలవాటు మొదలైతే, పాత రిజిస్టరుకూ కొత్త తెరకూ తేడా ఉండదు. తీసుకునేవారు గుర్తింపు కార్డును స్కాన్ చేయాలి లేదా తమ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాలి. అటెండరు పది కవర్లు పట్టుకొని వెళ్తుంటే, ఆ పదీ ముందు అతని పేరు మీదికి మారాలి. ఇది అతని మీద అనుమానంతో చేసేది కాదు, రేపు ఏదైనా కనిపించకపోతే నింద అతని మీద పడకుండా కాపాడేది.

అక్కడి నుంచి యంత్రానికి అప్పగించదగిన పని మొదలవుతుంది. వస్తువు నమోదైన వెంటనే సంబంధిత వ్యక్తికి సందేశం వెళ్లాలి, మరుసటి రోజు గుర్తుచేయాలి, మూడవ రోజుకీ తీసుకోకపోతే విభాగాధిపతికి తెలియాలి. అయితే అన్నిటికీ ఒకే గడువు పెట్టడం తప్పు. నెల్లూరు తీరంలోని రొయ్యల సంస్థలకు ఐసులో పెట్టి వచ్చే పరీక్షా నమూనాలకు సందేశం చాలదు, అరగంటలో ఎవరూ రాకపోతే ఫోన్ చేయాలనే నియమం ఉండాలి. లాయరు నోటీసుకు లెక్క వేరు. చెక్కు చెల్లకపోయిన వ్యవహారాల్లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, నోటీసు అందిన నాటి నుంచి సొమ్ము చెల్లించడానికి 15 రోజులే గడువు. ఆ నోటీసు తపాలు గదిలో మూడు రోజులు పడి ఉంటే, ఆ మూడు రోజులను తిరిగి ఎవరూ ఇవ్వలేరు. రసీదు అడిగే తపాలు ఏది వచ్చినా కవరు ఫోటోతో సహా అదే గంటలో యాజమాన్యానికి చేరేటట్లు ఏర్పాటు చేయండి.

సంస్థ పేరుతో ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం సంస్థల డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ నమోదు వేదికలో సంస్థనూ, పంపే పేరునూ, సందేశపు నమూనానూ ముందే నమోదు చేయించాలి. చిన్న కార్యాలయానికి మొదట ఈమెయిలే సుఖం. అందరినీ కలిపిన వాట్సాప్ గ్రూపులో పార్సిల్ ఫోటోలు పెట్టడం మాత్రం వద్దు. ఎవరికి ఏ ఆసుపత్రి నుంచి కవరు వచ్చిందో, ఏ బ్యాంకు నుంచి నోటీసు వచ్చిందో పక్కవారికి తెలియవలసిన పని లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకొని, ఫోన్ నంబర్లనూ ఫోటోలనూ ఎంతకాలం ఉంచాలో ముందే నిర్ణయించి, గడువు తీరాక తొలగించాలి.

పంపే తపాలులో పిన్ కోడ్‌ను ఆధారం చేసుకోండి, జిల్లా పేరును కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది, కానీ దాని పిన్ కోడ్ 523తోనే మొదలవుతుంది. జిల్లా పేరుతో కవర్లను వేరుచేసే జాబితా అటువంటి మార్పు వచ్చిన ప్రతిసారీ తప్పుతుంది. కొరియర్ మనిషి వచ్చినప్పుడు ఆ రోజు పంపేవన్నీ స్కాన్ చేసి, ఒక జాబితా ముద్రించి, దాని మీద అతని సంతకం తీసుకోవాలి. చేరవలసిన తేదీ దాటినా చేరనివాటిని ఉదయాన్నే చూసే బాధ్యతను ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి.

ఖర్చు విషయానికి వస్తే, రోజుకు ముప్పై నలభైకి మించని కార్యాలయానికి ఒక కంప్యూటరు, ఒక యూఎస్‌బీ స్కానరు, ఒక లేబుల్ ప్రింటరు, ఒక స్ప్రెడ్‌షీటు చాలునని నా అంచనా. స్కానరు కీబోర్డు లాగానే పనిచేస్తుంది కాబట్టి, చదివిన నంబరు కర్సరున్న గడిలో దానంతట అదే పడుతుంది. వందలు దాటే చోటనే ప్రత్యేక సాఫ్ట్‌వేరు, ఓటీపీతో తెరుచుకునే లాకర్లు గిట్టుబాటు అవుతాయి.

కరెంటూ నెట్‌వర్కూ లేని రోజులకు కూడా ఏర్పాటు ఉండాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజులను మన జిల్లాలు మరచిపోలేదు. అందుకని వంద లేబుళ్లను వేరే వరుస నంబర్లతో ముందే ముద్రించి, గీతలు గీసిన కాగితాలతో కలిపి ఒక ఫైలులో ఉంచండి. లేబులు అతికించి, నంబరు, సమయం, పేరు కాగితం మీద రాసుకుంటే, కరెంటు వచ్చాక ఎక్కించుకోవచ్చు.

పాత తపాలు గుమాస్తాను పక్కన పెట్టి ఈ మార్పు చేయకండి. ఏ అధికారి ఏ రోజు ఉండరో, ఏ బ్యాంకు కవరు ఎవరికి పోవాలో ఆయనకు తెలిసినంతగా ఏ జాబితాలోనూ ఉండదు. గడులు ఏవి ఉండాలో ముందు ఆయననే అడగండి. ఒక నెల పాటు ఆవక (వచ్చిన తపాలు) రిజిస్టరునూ తెరనూ పక్కపక్కనే నడిపి, రోజూ సాయంత్రం రెండింటినీ సరిచూసి, తేడా రాని వారం గడిచాకే రిజిస్టరును మూయండి.

ఆ తర్వాత కూడా ప్రతి శనివారం సాయంత్రం ర్యాక్ ముందు నిలబడి అరలలో ఉన్నవాటిని చేత్తో లెక్కపెట్టి, తెర మీది సంఖ్యతో పోల్చండి. తేడా వస్తే, ఆ వస్తువు చివరిసారి ఎవరి పేరు మీద స్కాన్ అయిందో చూసి, వెతకడాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టండి.