కార్టూన్ పాత్రల స్ఫూర్తితో మహిళలు రోజువారీ దుస్తులను ఎంచుకోవడం ఎలా?

కార్టూన్లపై ఇష్టాన్ని దుస్తుల్లో చూపాలనుకునే మహిళలకు రెండు దారులున్నాయి. పాత్ర బొమ్మ ముద్రించిన టీషర్టు వేసుకోవడం ఒకటి. బొమ్మ జోలికి పోకుండా ఆ పాత్ర రంగులను, దుస్తుల తీరును మాత్రమే తీసుకోవడం రెండోది. మొదటిది సులువే అయినా, ఏ వయసువారైనా ఎక్కడికైనా నిస్సంకోచంగా వేసుకుని వెళ్లగలిగేది రెండోదే కనుక ముందు దాని గురించే చెప్పుకుందాం.

చేత్తో గీసే యానిమేషన్‌లో ఒక సెకనుకు 24 ఫ్రేములు (తెరపై ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలు) నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. అన్నిసార్లూ పూల డిజైన్లూ అల్లికలూ గీస్తూ కూర్చోవడం కుదరదు కాబట్టి, చిత్రకారులు పాత్రకు రెండు మూడు నిండు రంగులతో, దూరం నుంచి కూడా పోల్చుకోగల ఆకారంతో ఒకే జత దుస్తులను నిర్ణయించి దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ అవే కొనసాగిస్తారు. మనకు పనికొచ్చేది ఈ పొదుపే.

మొదట ఒక పాత్రను ఎంచుకుని, దాని దుస్తుల్లోని రంగులను ఏది ఎక్కువ, ఏది తక్కువ అనే వరుసలో రాసుకోండి. 1969లో మొదలైన ‘స్కూబీ డూ’ కార్టూన్ సీరియల్‌లోని వెల్మానే తీసుకుంటే నారింజ రంగు టర్టిల్‌నెక్ (మెడను కప్పే) స్వెటర్, ఎర్రని ప్లీట్ల స్కర్టు, నారింజ మేజోళ్లు, ఎర్రని బూట్లు, నల్ల ఫ్రేము కళ్లద్దాలు కనిపిస్తాయి. అదే బృందంలోని డాఫ్నీకి ఊదా రంగు గౌను, మెడలో ఆకుపచ్చ స్కార్ఫ్ ఉంటాయి. ఇక్కడ రంగుల పేర్లకన్నా వాటి నిష్పత్తి ముఖ్యం. ఊదా ఎక్కువగా, ఆకుపచ్చ కొద్దిగా ఉన్నంత వరకే అది డాఫ్నీ అనిపిస్తుంది. రెండూ సమానమైతే ఆ పోలిక చెదిరిపోతుంది.

తరువాత ఆ రంగుల గాఢతను తగ్గించండి. తెరమీద మెరిసే నారింజ రంగు బట్ట మీదికి వచ్చేసరికి నాటకం దుస్తుల్లా కనిపించే ప్రమాదం ఉంది. దాని బదులు ఇటుక రంగు లేదా ముదురు తేనె రంగు టాప్ వేసుకుని, ఎరుపు స్థానంలో మెరూన్ స్కర్టునో ప్యాంటునో ఎంచుకుంటే పాత్ర ఛాయ నిలుస్తుంది, వేషం వేసినట్టూ ఉండదు. పాత్ర వేసుకున్న వస్తువులన్నీ యథాతథంగా సేకరించాల్సిన పనిలేదు. జీన్స్ మీద కూడా ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది.

ఆపై గుర్తుగా ఒక్క వస్తువును చేర్చండి. మిన్నీ మౌస్ అనగానే ఎరుపు మీద తెల్ల చుక్కలు గుర్తొస్తాయి గనుక, సాదా నల్ల దుస్తుల మీద అలాంటి చుక్కల హెయిర్‌బ్యాండు ఒక్కటి చాలు. దానికి తోడు పసుపు బూట్లు, తెల్ల చేతితొడుగులు కూడా వేసుకుంటే సంగతి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ దాకా వెళుతుంది.

ఇక బొమ్మల టీషర్టుల విషయానికొస్తే, అవి చిన్నపిల్లలకే తగినవన్న మాటకు కాలం చెల్లింది. 2014లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ మోస్కినో కోసం డిజైనర్ జెరెమీ స్కాట్ రూపొందించిన తొలి కలెక్షన్‌లోనే కార్టూన్ పాత్ర స్పాంజ్‌బాబ్ ముఖంతో అల్లిన స్వెటర్లు మిలాన్ ర్యాంపు మీద నడిచాయి. అయినా బొమ్మ ఒకచోట ఉంటే తక్కిన దుస్తులు సాదాగా ఉండటమే మేలు. ఛాతీ నిండా పెద్ద బొమ్మ ఉన్న టీషర్టు మీద ముందు తెరిచి ఉంచిన బ్లేజరో చొక్కానో వేసుకుంటే బొమ్మలో కొంత భాగమే కనిపించి హుందాగా ఉంటుంది. ప్యాంటు రంగును ఆ బొమ్మలో అతి తక్కువగా ఉన్న రంగు నుంచి తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. చూసేవారికి కారణం తెలియకపోయినా పొందిక మాత్రం తెలుస్తుంది.

కొనేముందు ముద్రణను వేలితో తడిమి చూడండి. బిరుసుగా, మందపాటి పొరలా తగిలే ప్రింటు ఉన్నచోట గాలి ఆడదు, మడతల దగ్గర త్వరగా పగుళ్లు రావచ్చు కూడా. ఉతికేటప్పుడు టీషర్టును లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి, చన్నీళ్లలో ఉతికి, నీడన ఆరవేయాలి. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ రకం సిరాతో వేసిన బొమ్మలు వేడికి మెత్తబడతాయి కాబట్టి వాటిమీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకుండా, తిరగేసిన వైపు నుంచే తక్కువ వేడితో ఇస్త్రీ చేయాలి.