మట్టి లెక్క కంప్యూటర్‌లో – 3: మైనస్‌లోకి పోయిన ఆకులు

పోయిన భాగంలో వెయ్యి గ్రాముల కార్బన్ ఉన్న రాలుటాకుల్ని స్ప్రెడ్‌షీట్‌లో రెండు లెక్కల గంపల్లో వేశాం. త్వరగా కుళ్ళే గంపలో 200, మొండి గంపలో 800. అడవి ఆకులకి, మట్టిలో కార్బన్‌ని లెక్కగట్టే రాత్‌-సి మోడల్ వాడే వాటా ఇదే. ఏడాదికి కుళ్ళే రేటు మొదటిదానికి 10, రెండోదానికి 0.3. ఈ మోడల్ నెల నెలా నడుస్తుంది కాబట్టి 12తో భాగించాలి.

ఇక్కడే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. ఈ రేట్లు ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పొలాల లెక్కల నుంచి వచ్చినవి. అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత 9 డిగ్రీల పైచిలుకు. మన విశాఖలో 28 దాకా ఉంటుంది. ఆ తేడాని సరిచేసే గుణకం మోడల్‌లోనే ఉంది: ఉష్ణోగ్రతకి 18.3 కలిపి, దానితో 106ని భాగించండి. వచ్చినదాన్ని షీట్‌లోని ఈ-ఎక్స్-పీ (EXP) ఫంక్షన్‌లో పెట్టి, 1 కలిపి, దానితో 47.9ని భాగించండి. 28 డిగ్రీలకి 4.4 వస్తుంది. అంటే అదే ఆకు ఇక్కడ నాలుగు రెట్లకి పైగా వేగంగా కుళ్ళుతుంది.

సరే అని 200ని 10/12తో, 4.4తో గుణించి, వచ్చింది 200లోంచి తీసేశాను. మిగిలింది మైనస్ 533. ఆకులు కుళ్ళిపోవడమే కాదు, మట్టికి బాకీ కూడా పడ్డాయి!

తప్పు తీసివేతలో ఉంది. నెల పొడుగునా గంప తగ్గుతూ ఉంటే, కుళ్ళే మొత్తం కూడా దాంతోపాటే తగ్గాలి. నేను మాత్రం ఒకటో తారీఖు బరువు మీదే నెలంతా కోత వేశాను. మిగిలిన బరువు కావాలంటే గంపని ఈ-ఎక్స్-పీ (-10/12 × 4.4)తో గుణించాలి. అప్పుడు 5 గ్రాములు మిగులుతుంది. మొండి గంపలో తప్పు పద్ధతికి 712, సరైన పద్ధతికి 717 వస్తుంది. పెద్ద తేడా లేదు, అందుకే అక్కడ ఈ తప్పు దొరకదు. కొత్త మోడల్ రాసినప్పుడల్లా ముందు వేగంగా మారే గంపనే చూడండి.

ఇక తేమ. మార్చిలో విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవి దారిలో నడిస్తే కాళ్ళ కింద ఆకులు కరకరలాడతాయి. వానలు ముదిరాక అదే చోట మెత్తగా, నల్లగా, పుట్టగొడుగు వాసనతో ఉంటాయి. వేడి రెండు కాలాల్లోనూ ఉంది, మార్చిలో లేనివి నీళ్ళే. మోడల్‌లో రేటుని గుణించే తేమ గుణకం తడి నేలకి 1, బాగా ఎండిన నేలకి 0.2. మే నెలలో చొక్కా పిండితే నీళ్ళు కారుతుంటే ఎండడమేమిటి అంటారా? ఉక్కపోత గాలిలో ఉంది. మోడల్ చూసేది మట్టిలో తేమని.

ప్రస్తుతానికి జనవరి నుంచి మే దాకా 0.2, మిగతా ఏడు నెలలకి 1 అని వేసుకోండి. ఇది ముతక లెక్కే. వానలోంచి ఆవిరిని తీసేసి తేమ కట్టడం వచ్చే భాగంలో. తేమ గుణకం లేకుండా కడితే మొండి గంపలో ఏడాదికి 214 గ్రాములు మిగులుతుంది, అది కూడా వేస్తే 332.

ఇంటిపని: హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న తీరం దాటినప్పుడు ఊరంతా ఆకులు గుట్టలు పడ్డాయి కదా. మీ షీట్‌ని ఒకసారి అక్టోబర్ నుంచి, ఇంకోసారి ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టి నడపండి. మూడు నెలలకి మొండి గంపలో మొదటిదాంట్లో 575, రెండోదాంట్లో 749 రావాలి. పన్నెండో నెల చివర మాత్రం రెండింట్లోనూ ఒకే అంకె ఉంటుంది. ఎందుకో కనిపెట్టి రండి.