మైనపు పూత మార్చే ముందు నీటి మరకలు తొలగించండి
కారుకు వాడే వ్యాక్స్‌ను మార్చాలనుకుంటే, కొత్తది పూయడానికి ముందే పెయింట్ మీది నీటి మరకలను తొలగించడం అవసరం, ఎందుకంటే వాటిపై పూత వేస్తే అవి దాని కిందే ఉండిపోతాయి. కఠిన జలం ఆవిరైనప్పుడు మిగిలే కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఆ తెల్లని వలయాలు. ఇవి షాంపూకు సాధారణంగా లొంగవు గాని ఆమ్లంలో కరుగుతాయి. తెల్ల వెనిగర్‌ను అంతే పరిమాణంలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, నీడలో, చల్లబడిన బాడీ మీద ముందుగా ఒక మూలన పరీక్షించి, ఆ ద్రావణంలో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డను మరకపై ఒకటి రెండు నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే పుష్కలంగా నీళ్లతో కడిగి, షాంపూతో మరొకసారి శుభ్రం చేయాలి. వెనిగర్ పాత వ్యాక్స్‌ను కూడా కొంత బలహీనపరుస్తుంది కనుక, ఉత్పత్తి మార్చడానికి ఇదే అనువైన సమయమని నా అభిప్రాయం. ముఖ్యంగా సింథటిక్ సీలెంట్‌కు (మైనానికి బదులు వాడే కృత్రిమ రక్షణ పూతకు) మారేవారు పాత మైనాన్ని పూర్తిగా తొలగించాలి. లేకపోతే సీలెంట్ పెయింట్‌ను సరిగా పట్టుకోదు. ఇంత చేసినా వేలికి గుంటలా తగిలే మరక ఉంటే అది క్లియర్ కోట్‌ను (రంగు మీద ఉండే పారదర్శక పొరను) తినేసినట్లే, దానికి పాలిష్ తప్పదు. గట్టిగా రుద్దితే మాత్రం గీతలే మిగులుతాయి.