నేలను చదవడం – 4వ పాఠం: నీటిచుక్కతో పరీక్ష

గత పాఠంలో తడిమట్టిని వేళ్ల మధ్య నలిపి, అందులో ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అని అంచనా వేయడం నేర్చుకున్నాము. ఈసారి పొడిమట్టి నీటిని లోపలికి రానిస్తున్నదో లేదో ఒక్క చుక్కతో తేల్చుకోవడం నేర్చుకుందాము.

హైదరాబాదులో మిద్దెతోట పెంచేవారికి ఈ సమస్య మే నెలలో ఎదురవుతుంది. ఎండిపోయిన కుండీలో చెంబెడు నీళ్లు పోయగానే అవి అంచు వెంబడి జారి, క్షణాల్లో అడుగు రంధ్రం నుండి బయటికి వస్తాయి. కుండీ నిండా తడిసిందని మనం అనుకుంటాము గాని, నడుమ వేర్ల చుట్టూ ఉన్న మట్టి పొడిగానే ఉంటుంది.

మట్టిరేణువు స్వతహాగా నీటిని ఆకర్షించేదే. అయితే రాలిన ఆకులలోని మైనం, కుళ్లిన సేంద్రియ పదార్థంలోని కొవ్వు ఆమ్లాలు, శిలీంధ్రాల పోగులు విడుదల చేసే పదార్థాలు రేణువులపై పలుచని పూతగా ఏర్పడినప్పుడు, తామరాకు మీద నీటిబొట్టు నిలిచినట్లే మట్టి మీద కూడా చుక్క గుండ్రంగా నిలిచిపోతుంది. రెండు చోట్లా మైనానికి పాత్ర ఉంది, తామరాకు మీద దానికి కంటికి కనిపించని గరుకుదనం కూడా తోడవుతుంది. గుప్పెడు ఇసుకలోని రేణువుల మొత్తం ఉపరితలం గుప్పెడు బంకమన్నుతో పోలిస్తే చాలా తక్కువ కనుక, కొద్దిపాటి మైనం కూడా ఇసుకను కప్పివేయగలదు. అందువల్ల రేగడి కంటే ఇసుకపాలు ఎక్కువగా ఉన్న దుబ్బ, చల్క నేలల్లో, అందులోనూ నీలగిరి చెట్ల కింద, నీటిని తోసిపుచ్చే ఈ గుణాన్ని, అంటే వికర్షణను, ముందుగా అనుమానించాలి. మట్టి తడిగా ఉన్నంతకాలం ఇది బయటపడదు, ఎండినప్పుడు తిరిగి వస్తుంది.

చెట్ల కింద ఆకులు పోగుచేసి తగులబెట్టే అలవాటు దీనిని మరింత పెంచుతుంది. వేడికి ఆవిరైన మైనపు పదార్థాలు కిందికి దిగి, చల్లని పొరలో మళ్లీ పేరుకుంటాయి. మట్టి సుమారు 175 నుండి 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కితే వికర్షణ తీవ్రమవుతుంది. దాదాపు 300 డిగ్రీలు దాటితే ఆ పదార్థాలు కాలిపోయి వికర్షణ నశిస్తుంది. కాబట్టి బూడిద కింద పైమట్టి నీటిని పీల్చుకున్నా, కొన్ని సెంటీమీటర్ల లోతులో అది నిలిచిపోవచ్చు. వాలుప్రదేశమైతే తొలి వానకే పైమట్టి కొట్టుకుపోవచ్చు.

ఇక పరీక్ష. ఆకులు తొలగించి, పై 2, 3 సెంటీమీటర్ల మట్టిని సేకరించి, నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తొందరపడి పొయ్యి మీద వేడిచేయవద్దు. వేడి ఫలితాన్నే మార్చివేస్తుంది. రాళ్లు, పుల్లలు జల్లించి, మట్టిని సాసరులో పోసి, నొక్కకుండా చదును చేయండి. మందు సీసాతో వచ్చే డ్రాపరును మట్టికి ఒక సెంటీమీటరు ఎత్తున పట్టి, వేర్వేరు చోట్ల ఐదు చుక్కలు వదలండి. ఒక్కొక్కటి పూర్తిగా ఇంకడానికి పట్టిన సమయాలను ఆరోహణ క్రమంలో రాసి, నడిమి విలువను తీసుకోండి. అది 5 సెకన్ల లోపు ఉంటే మట్టిలో వికర్షణ లేదు. 5 నుండి 60 సెకన్లయితే స్వల్పం, 600 సెకన్ల వరకు బలమైనది, 3,600 వరకు తీవ్రం. గంట దాటినా చుక్క నిలిచి ఉంటే అత్యంత తీవ్రం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఎర్రమట్టి మీద వానచినుకుల దెబ్బకు, ఎండకు గట్టి పెచ్చు కట్టినప్పుడు కూడా నీరు ఇంకదు, కానీ అందులో మైనం పాత్ర లేదు. నేనూ దానిని వికర్షణే అనుకుని, ఒక వేసవి అంతా అలాంటి మడికి సబ్బులా పనిచేసే కుంకుడు రసం పోశాను. పాత ఫోర్కుతో పైపైన గీరితే తీరిపోయే పని అది. అందుచేత కదల్చని నేల మీద కూడా ఒక చుక్క వేసి చూడండి. అక్కడ నీరు పలుచగా పరుచుకుని నిలిచి, సాసరులోని వదులుమట్టిలో వెంటనే ఇంకితే అది పెచ్చు. రెండు చోట్లా గుండ్రంగా పూసలా నిలిస్తే అది వికర్షణ.

అభ్యాసంగా మూడు నమూనాలు పరీక్షించండి: ఎండిన కుండీలోది, ఏదైనా పెద్ద చెట్టు కిందిది, ఆకులు కాల్చిన చోటిది. మూడవదానిలో బూడిద కింది మట్టిని, 5 సెంటీమీటర్ల లోతు మట్టిని వేర్వేరు సాసర్లలో ఉంచి చూడండి. ఈ అంకెలను దాచుకోండి. చికిత్సను బోధించే 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది. ఈలోగా నీరు పట్టని కుండీలను నీళ్ల టబ్బులో ఉంచి, బుడగలు ఆగేవరకు నాననివ్వండి.