గేము ఫోల్డరు కొత్త కంప్యూటర్‌కు వచ్చినా గేము నడవకపోతే: సమస్య - పరిష్కారం

ఈ రోజుల్లో పెద్ద గేము ఒక్కటే 100 జీబీ వరకు ఉంటోంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి దాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడం పెద్ద పని కాదు గాని, రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో విశాఖ మధురవాడ హాస్టల్లో ఉండే విద్యార్థికి అది 50 రోజుల వ్యవహారం. అందుకే గాజువాకలో ఇంటి దగ్గరున్న పాత కంప్యూటర్ నుంచి గేము ఫోల్డరును హార్డ్‌డిస్కులో వేసుకొస్తారు. తెచ్చినది నడవకపోతే ఫైళ్లు పాడయ్యాయని అనుకుంటారు. చాలాసార్లు ఫైళ్లు బాగానే ఉంటాయి. ఆ ఫోల్డరుకు బయట ఉన్నదేదో వెంట రాలేదు, అంతే. (డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ను మాత్రమే పెన్‌డ్రైవులో తెచ్చుకున్నవారి సంగతి వేరు. అందులో గేము చిరునామా తప్ప గేము ఉండదు.)

సమస్య: కాపీ మధ్యలోనే ఆగిపోతోంది

డిస్కులో చోటు ఉన్నా ఫైలు మరీ పెద్దదని విండోస్ చెబితే, ఆ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందని అర్థం. అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. డిస్కులోని మిగతా ఫైళ్లను వేరేచోట దాచుకుని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయాలి.

అలా కాక డిస్కు ఉన్నట్టుండి మాయమవుతుంటే పోర్టును అనుమానించాలి. బీచ్‌రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి కేబినెట్ ముందువైపు పోర్టులు తుప్పు పట్టడం వింతేమీ కాదు. వెనుకవైపు మదర్‌బోర్డు మీదనే ఉన్న యూఎస్‌బీ 3.0 పోర్టును వాడితే ఈ బెడద తగ్గడమే కాక కాపీ కూడా త్వరగా అవుతుంది.

సమస్య: ఏదో డీఎల్‌ఎల్ ఫైలు లేదంటూ గేము తెరుచుకోవడం లేదు

డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైలు. గేముకు అవసరమైన విజువల్ సీ ప్లస్‌ప్లస్, డైరెక్ట్‌ఎక్స్ భాగాలు పాత కంప్యూటర్‌లో గేము ఇన్‌స్టాల్ అయినప్పుడే విండోస్‌లోకి చేరాయి కాబట్టి ఫోల్డరుతో పాటు రాలేదు. స్టీమ్ (గేములు కొని దించుకునే యాప్) గేములలో చాలావాటికి ఆ ఇన్‌స్టాలర్లు ‘కామన్‌రీడిస్ట్’ అనే ఫోల్డరులో దొరుకుతాయి; లేకపోతే మైక్రోసాఫ్ట్ సైటు నుంచే తీసుకోవాలి. 64 బిట్ విండోస్ అయినా 32 బిట్ గేముకు 32 బిట్ ప్యాకేజీయే కావాలి కనుక రెండూ వేయడం మేలు. లేదన్న ఒక్క డీఎల్‌ఎల్‌ను మాత్రం ఊరూపేరూ లేని సైటు నుంచి తెచ్చి అతికించకండి. వైరస్‌ను చేతులారా ఆహ్వానించినట్టవుతుంది.

సమస్య: స్టీమ్ మళ్లీ మొత్తం డౌన్‌లోడ్ చేస్తానంటోంది

ఫోల్డరు సరైన చోట లేకపోవడమో, దాని పేరు మారడమో దీనికి కారణం. స్టీమ్‌ను మూసి, ఫోల్డరును అదే పేరుతో ‘స్టీమ్‌యాప్స్’ లోపలి ‘కామన్’లో పెట్టి, తర్వాత లైబ్రరీలో ఇన్‌స్టాల్ నొక్కి అదే డ్రైవును ఎంచుకుంటే, స్టీమ్ ఉన్న ఫైళ్లను గుర్తించి లేనివాటినే దించుకుంటుంది. అలాంటిదే అయిన ఎపిక్ గేమ్స్ లాంచర్‌లోనైతే ముందుగా ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, కొద్ది శాతం అయ్యాక ఆపి, లాంచర్‌ను పూర్తిగా మూసి, పాత ఫైళ్లను ఆ ఫోల్డరులో వేసి, మళ్లీ కొనసాగించాలి. రెండు కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉంటే హార్డ్‌డిస్కుతో పనే లేదు. 2023లో వచ్చిన స్టీమ్ లోకల్ ట్రాన్స్‌ఫర్ సదుపాయం ఇంటి నెట్‌వర్కు మీదుగానే గేమును పంపుతుంది. వైఫై కన్నా ల్యాన్ కేబుల్ నయం.

సమస్య: గేము నడుస్తోంది కాని మొదటి నుంచి ఆడమంటోంది

అన్నిటికన్నా బాధించేది ఇదే. ఆట ఎంతవరకు వచ్చిందో దాచే సేవ్ ఫైళ్లు సాధారణంగా గేము ఫోల్డరులో ఉండవు. డాక్యుమెంట్స్‌లోని ‘మై గేమ్స్’లోనో, ‘సేవ్డ్ గేమ్స్’లోనో, యూజర్ ఫోల్డరులో దాగి ఉండే ‘యాప్‌డేటా’లోని లోకల్ (Local), లోకల్‌లో (LocalLow), రోమింగ్ (Roaming) ఫోల్డర్లలోనో ఉంటాయి. యాప్‌డేటా కనిపించాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్లను చూపమని ఎంచుకోవాలి. క్లౌడ్ సేవ్ ఉన్న గేములలో కొత్త కంప్యూటర్‌లోని ఖాళీ సేవ్‌కూ క్లౌడ్‌లోని పాత సేవ్‌కూ పొంతన లేదని స్టీమ్ అడిగితే, తేదీలు చూసి పాతదాన్నే ఎంచుకోవాలి. తొందరలో తప్పు బటన్ నొక్కితే పాత ఆటంతా పోతుంది. కొత్తచోట సేవ్ తెరుచుకునేదాకా పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయవద్దు, అమ్మవద్దు.

సమస్య: తెర నల్లగా ఉంది, లేదా మొదట్లో ఆట కుదుపులతో నడుస్తోంది

తెర నల్లబడితే పాత మానిటర్ రిజల్యూషన్ సెట్టింగుల ఫైలుతో పాటు వచ్చి ఉండవచ్చు. సేవ్‌లను ముట్టుకోకుండా ఆ ఒక్క ఫైలు పేరు మార్చితే గేము కొత్తది తయారుచేసుకుంటుంది. కుదుపులు కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం షేడర్లు (తెర మీద బొమ్మను గీసే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతున్నందువల్ల కావచ్చు. అలాగైతే కాసేపు ఆడాక సర్దుకుంటాయి.