కలుపును తినే పురుగు పంట జోలికి వస్తుందా? మూడవ పాఠం: ఎంపిక లేని పరీక్ష

గత పాఠంలో పరీక్షించవలసిన మొక్కల జాబితా తయారుచేసుకున్నాం. కలుపు మొక్కకు దగ్గరి బంధువులతో మొదలుపెట్టి దూరపు కుటుంబాల వైపు సాగాలన్నది 1974లో వాప్‌షేర్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన క్రమం. మన కలుపు వయ్యారిభామ, దాన్ని తినేది మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా బైకలరేటా అనే పెంకుపురుగు కనుక, అదే కుటుంబానికి చెందిన పొద్దుతిరుగుడు, వలిసెలు, కుసుమ, చామంతి జాబితాలో ముందు నిలిచాయి. ఈ పాఠానికి పొద్దుతిరుగుడు ఒక్కటి చాలు.

పురుగుకు ఒకే మొక్క ఆకు ఇచ్చి, తింటే తిను, లేకుంటే పస్తుండు అనడమే ఎంపిక లేని పరీక్ష. వానాకాలంలో వయ్యారిభామ ఆకుల అడుగున ఈ పురుగు గుడ్లు దొరుకుతాయి. గుడ్లున్న ఆకులను కోసి తెచ్చి, పొదిగిన వెంటనే, ఇంకా ఏ ఆకునూ రుచి చూడని లార్వాలను (పిల్లపురుగులను) సన్నని కుంచెతో డబ్బాల్లోకి మార్చండి. డబ్బా అడుగున రెండంగుళాల తడిమట్టి ఉండాలి, ఎందుకంటే ఎదిగిన లార్వా మట్టిలో దూరి ప్యూపాగా, అంటే పెద్దపురుగు కావడానికి ముందు దశగా మారుతుంది. మూతగా పల్చని గుడ్డ కట్టండి. ఆకు కాడకు తడి దూది చుట్టి, రోజూ కొత్త ఆకు మార్చండి. మందు కొట్టిన చేను ఆకులు పనికిరావు. వయ్యారిభామ చర్మానికి దురద తెస్తుంది, చేతి తొడుగులు మరవకండి.

డబ్బాలు మూడు రకాలు: వయ్యారిభామ ఆకు ఉన్నవి, పొద్దుతిరుగుడు ఆకు ఉన్నవి, తడి దూది తప్ప ఏమీ లేనివి. ఒక్కో రకానికి కనీసం ఐదు డబ్బాలు పెట్టండి. చాలామంది మూడో రకాన్ని వదిలేస్తారు, కాని నా దృష్టిలో పరీక్షకు ప్రాణం అదే. పొద్దుతిరుగుడు మీద లార్వాలు నాలుగు రోజులు బతికాయనుకోండి. ఖాళీ డబ్బాలోనివీ అంతే కాలం బతికితే, ఆ ఆకు వాటికి ఆహారంగా పనికిరాలేదని తెలుస్తుంది. వయ్యారిభామ మీదివి కూడా చనిపోతే లోపం పెంపకంలో ఉంది, పరీక్ష మళ్ళీ పెట్టవలసిందే.

ఆకు మీద చిల్లు కనబడగానే పంటకు ముప్పని రాసుకోవద్దు. ఆకలితో ఉన్న పురుగు కొరికి చూడడం వేరు, ఆ ఆకు తిని ప్యూపా దశ దాటి పెద్దపురుగై, గుడ్లు పెట్టే స్థితికి రావడం వేరు. అందుకని ప్రతి డబ్బాకూ కొరికిన విస్తీర్ణం, బతికిన రోజులు, చేరిన దశ అనే మూడింటినీ విడివిడిగా రాయండి. వీటిలో నిర్ణయానికి మొదట చూడవలసింది చివరిదే.

అయితే డబ్బాలో తేలనివి పొలంలో ఎదురుకావచ్చు. 1983లో బెంగళూరుకు తెచ్చిన ఈ పురుగును క్వారంటైన్‌లో పరీక్షించి మరుసటి ఏడు విడుదల చేశారు. 1990ల ఆరంభంలో కర్ణాటకలో పొద్దుతిరుగుడు చేలలో ఇది ఆకులు తింటున్నట్లు వార్తలు రాగా, దుమారం రేగి విడుదలలు ఆగిపోయాయి, నిజనిర్ధారణ కమిటీ వేయవలసి వచ్చింది. చేను గట్లనున్న వయ్యారిభామ పుప్పొడి పొద్దుతిరుగుడు ఆకులపై రాలడం వల్ల పెద్దపురుగులు వాటిని కొరుకుతున్నాయన్నది అప్పటి పరిశోధకులు ఇచ్చిన ఒక వివరణ. శుభ్రమైన ఆకుతో డబ్బాలో చేసే పరీక్షకు ఇది అందదు. మన రాయలసీమ పొద్దుతిరుగుడు రైతు అడిగేదీ డబ్బా సంగతి కాదు, తన చేను సంగతి.

కాబట్టి నాలుగో రకం డబ్బా చేర్చుకోండి: వయ్యారిభామ పూలను దులిపి పుప్పొడి చల్లిన పొద్దుతిరుగుడు ఆకు. ఇందులో లార్వాలతోపాటు, వేరే డబ్బాల్లో పెద్దపురుగులనూ ఉంచండి. పుప్పొడి లేని ఆకుతో పోల్చి కొరుకుడు పెరిగిందా, పెరిగినా లార్వా ఎదుగుదల పూర్తయిందా అన్న రెండు ప్రశ్నలకూ వేర్వేరుగా జవాబు రాయండి.

వచ్చే పాఠంలో గుడ్లు పెట్టే చోటు ఎంచుకునే పరీక్ష ఉంటుంది. దానికి ఆడ, మగ పెద్దపురుగులు రెండూ కావాలి. చలికాలంలో ఇవి చాలావరకు మట్టిలోకి చేరి నిద్రావస్థలో ఉంటాయి కనుక, వానలు తగ్గకముందే పట్టి వయ్యారిభామ ఆకు మీద పెంచుకోవడం మొదలుపెట్టండి.